చిలకమ్మ ఒప్పుకోలు

జూనియర్లు ఏదైనా అడిగితే సోమిదేవమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. ముప్పై ఏళ్ల వకీలు వృత్తిలో ఆవిడకు అబ్బిన అలవాటది. సుభాషిణి అడిగిన రోజు కూడా చెప్పలేదు.

కిల్లో చిలకమ్మ కొండల మీద నుంచి పసుపు అమ్ముకోవడానికి దిగివచ్చే మనిషి. చెక్‌పోస్టు దగ్గర ఆమె ఒడిలో గంజాయి పొట్లం దొరికిందని పోలీసుల మాట. అది తనది కాదని ఆమె మాట. కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. ఇక మిగిలింది అప్పీలు.

"పెద్ద అధికారి ఎదుటే సోదా చేయమని అడిగే హక్కు ఆమెకుంది కదమ్మా. అడగలేదు. మీరే చూసుకోండని కాగితం మీద వేలిముద్ర వేసింది. ఇష్టపడి ఒప్పుకున్నదాన్ని బలవంతమని నేనెలా రాయను?" అంది సుభాషిణి.

"వకాలతు మీద చిలకమ్మ వేలిముద్ర కావాలి. జైలుకు పోదాం, పద" అన్నారావిడ.

దారిలో బస్సును ఆపారు. కానిస్టేబులొకడు ఎక్కి, సీట్లన్నీ చూసుకుంటూ వచ్చి సుభాషిణి దగ్గర నిలబడ్డాడు. "బ్యాగు ఒకసారి చూపిస్తారా మేడమ్?"

అతని మాట పూర్తికాకముందే ఆమె జిప్పు లాగేసింది. దువ్వెన, టిఫిను డబ్బా, నల్లకోటు ఒక్కొక్కటే ఆమె ఒళ్లో పడ్డాయి. చివర స్కానింగు రిపోర్టు తీసి, తీరిగ్గా చదివాడు. "ఓహో, మూడో నెలా? జాగ్రత్తమ్మా, ఈ రోడ్డు గుంతలు!" వెనక సీట్లో ఎవరో నవ్వారు. ఆ సంగతి సుభాషిణి ఇంకా అత్తగారికైనా చెప్పలేదు.

బస్సు కదిలింది. ఆమె రిపోర్టును మడిచి బ్యాగు అడుగున పెట్టింది.

"ఎందుకు చూపించావే?" అన్నారు సోమిదేవమ్మగారు.

"అడిగాడు కదమ్మా."

"అడిగాడు. నువ్వు వకీలువి. ఎందుకో చెప్పమని నువ్వూ అడగొచ్చు."

"అడిగితే... దింపేస్తాడేమోనని. అందరూ చూస్తున్నారు కూడా."

ఆవిడ తలూపారు. సుభాషిణి కళ్లు తుడుచుకుని, ఫైలు తెరిచి, అప్పీలులో చిలకమ్మ ఒప్పుకోలు గురించి ఖాళీగా వదిలిన చోట రాయడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు రాసి ఆగింది.

"ఇది చదివితే జడ్జిగారికి అర్థమవుతుందా అమ్మా?"

సోమిదేవమ్మగారు కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు.

"ఆయన కారులో వస్తారమ్మా. ఆ కారును ఎవరూ ఆపరు."