నాంచారి తవ్విన జాడీలు

ఆ ద్రాక్షతోటల ఊళ్లో మగబిడ్డ పుడితే ఒక జాడీ ద్రాక్షసారా మట్టిలో పాతిపెట్టి, వాడి పెళ్లినాడు తీస్తారు. ఒక్క గుక్కతో సారా వయసు చెప్పేస్తానని గొప్పలు చెప్పుకునే రాజు రణధీరుడు దండుతో అటుగా పోతూ తోటకూలి నాంచారి గుడిసె ముందు ఆగాడు. ఆమె మూడు ముంతలు తెచ్చి పెట్టింది.

మొదటిది రుచి చూసి, "నిరుటిది. కూలీలు రోజూ తాగేది," అన్నాడు. రెండోది నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "పదహారేళ్లది. ఇంకా మాగలేదు! ఇంత తొందరపడి తవ్వినవాళ్లకి బుద్ధుందా?"

మూడోది తాగి కళ్లు మూసుకున్నాడు. "ఇరవై ఆరేళ్ల ఎర్రసారా! ఎంత బాగా మాగిందో! ఎవరికోసం దాచావు?"

"నా పెద్దకొడుకు పెళ్లికి, ప్రభూ. పదహారేళ్లకే వాణ్ణి తమరి యుద్ధానికి తీసుకుపోయారు. సారా మాగింది, వాడు తిరిగి రాలేదు."

"మరి ఆ మాగనిది?"

"చిన్నవాడిది. వాడికీ పదహారే. ఇందాకే తమరి భటులు లాక్కుపోయారు. వాణ్ణే ఉండనివ్వనప్పుడు జాడీ ఉండి ఏం లాభమని తవ్వేశాను. తొందరపడింది నేనా, ప్రభూ?"

రాజు ముంత కింద పెట్టి, ఆ ఈడు పిల్లలందరినీ ఇళ్లకు పంపేయమన్నాడు.

పెద్దవాడి శవం కూడా యుద్ధం నుంచి రాలేదు. ఆ సాయంత్రం నాంచారి వాడి జాడీనే గోతిలో పడుకోబెట్టి, మట్టి కప్పింది.