చేట దించిన గవరమ్మ

అనగనగా ఒక ఊళ్ళో అనగానే రాజు ఉండేవాడంటారు కదూ, బుజ్జమ్మా. ఈ ఊళ్ళో రాజు లేడు. రాజు వేషం కట్టేవాళ్ళున్నారు. అది వీధినాటకాల ఊరు. రాజూ మగవాడే, మంత్రీ మగవాడే, రాణి కూడా మీసం గొరిగించుకున్న మగవాడే.

ఆ నాటకాలాడే మేళానికి పెద్ద సన్యాసయ్య. అతని తమ్ముడి కూతురు గవరమ్మ.

ఆ ఊరి ఆడవాళ్ళకి ఒక ఆట ఉండేది. బియ్యం చెరగడం అయ్యాక అరుగు మీద చుట్టూ కూర్చునేవాళ్ళు. ఒకరు చేట ముఖానికి అడ్డం పెట్టుకుని దించేవాళ్ళు. నోట మాట రాకూడదు. ఆ ముఖంలో ఏముందో మిగిలినవాళ్ళు చెప్పాలి. పళ్ళూడిన అవ్వ దించితే పసిపిల్ల చెప్పేది. పసిపిల్ల దించితే అవ్వ చెప్పేది. ఆ ఆటలో గవరమ్మని మించినవాళ్ళు లేరు.

అప్పుడు ఒక వేసవిలో, రాణి వేషం కట్టే ఎర్రయ్య చింతచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఊరి జాతర, అదే తీర్థంలో ఆడే నాటకానికి ఇంకో వారమే ఉంది. గవరమ్మ వెళ్ళి పెదనాన్న ముందు నిలబడింది.

"రాణి వేషం నేను కడతాను, పెదనాన్నా."

"ఆడపిల్లవి, ఆడవేషం నీకేం తెలుసే?" అన్నాడు సన్యాసయ్య.

నవ్వకు, నిజంగానే అన్నాడు. అతను వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు. ఆ నాన్న తన నాన్న దగ్గర నేర్చుకున్నాడు. మూడు తరాలుగా ఆడదాని ముఖం మగవాళ్ళ దగ్గరే నేర్చుకుంటున్నారు. వంటింట్లో ఉన్న ముఖం వైపు ఒక్కడూ తల తిప్పలేదు.

గవరమ్మ కదల్లేదు. "మూడు ముఖాలడుగు. చేట దించుతాను. ఎవరూ పోల్చలేకపోతే, బతికున్నన్నాళ్ళూ వేషం మాట ఎత్తను" అంది.

మర్నాడు మధ్యాహ్నం అందరూ వాకిట్లో చేరారు. మేళం వాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు పిల్లలతో ఒకవైపు.

"సిగ్గు" అన్నాడు సన్యాసయ్య.

గవరమ్మ చేట దించింది. మేళం వాళ్ళు పెదవి విరిచారు. "తల వంచలేదు, కొంగు కొరకలేదు, ఇదేం సిగ్గు?" అన్నారు.

సన్యాసయ్య తల్లి అచ్చియ్యమ్మ అంది కదా, "సిగ్గేరా. కొత్తగా కాపరానికొచ్చినప్పుడు నాకు ఆకలేసేది. ఇంకో ముద్ద పెట్టమని అత్తని అడగలేకపోయేదాన్ని. ఆ సిగ్గు." ఆడవాళ్ళంతా తలలూపారు.

అప్పుడు "ఏడుపు" అన్నాడు సన్యాసయ్య.

గవరమ్మ మళ్ళీ చేట దించింది. "గుండెలు బాదుకోదేం? జలుబు చేసినట్టుంది" అని మద్దెల వాయించేవాడు వెక్కిరించాడు.

"పొయ్యి ముందు కూచుని, పొగ మీద నెట్టేసే ఏడుపు అది" అంది అతని భార్యే. అతను మద్దెల సవరించుకోవడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత సన్యాసయ్య లేచి నిలబడ్డాడు. "కోపం. రాణి నిండు సభలో రాజుని నిలదీస్తుంది. ఆ కోపం లేకపోతే ఆటే లేదు."

ఎర్రయ్యకైతే రాణి కోపమంటే మూతి ముడవడం, జడ విసరడం. గవరమ్మ చేట వెనక చాలాసేపు ఉండిపోయింది. మెల్లగా దించింది. మూతి ముడవలేదు, కళ్ళు ఉరమలేదు. ముఖం నున్నగా, చల్లారిన పెనంలా ఉంది. చూపు మాత్రం పెదనాన్న మీంచి కదల్లేదు.

"ఏమీ లేదు ఇందులో. ఓడిపోయింది" అన్నారు మేళం వాళ్ళు.

ఐదేళ్ళ పిల్ల ఒకతి లేచింది. సన్యాసయ్య మనవరాలే. "అది నానమ్మ ముఖం. తాతయ్య కూర బాగాలేదని కంచం తోసేస్తాడు కదా, అప్పటి కోపం" అంది.

సన్యాసయ్య గుమ్మం వైపు చూశాడు. అక్కడ అతని భార్య నిలబడి ఉంది. అదే ముఖం.

అతను కూలబడ్డాడు. "ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. శాంతం అనుకున్నాను" అన్నాడు.

"ఎప్పుడైనా అడిగావా?" అంది ఆవిడ.

సన్యాసయ్య లేచాడు. లోపలికి వెళ్ళి రాణి కిరీటం తెచ్చి గవరమ్మ ముందు పెట్టాడు. "నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కట్టు" అన్నాడు.

తీర్థంనాడు గవరమ్మ రాణి వేషం కట్టింది. సభలో రాజు ముందు నిలబడి, అరవకుండా, కదలకుండా అలా చూసింది. ఎప్పుడూ వెనక వరసలో పిల్లల్ని జోకొడుతూ కూర్చునే ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకొచ్చి కూర్చున్నారు. రాజు వేషగాడు పద్యం మరిచిపోయాడు. అతనికి ఇల్లు గుర్తొచ్చిందట.

గవరమ్మ వచ్చె రంగానికి,
కథ నడిచె కంచికి,
నువ్వూ నేనూ మంచానికి.