రుబ్బురోలు ముక్క

హైమావతికి గురువుగారి మీదే అనుమానం పుట్టింది.

ఆమె లెక్కల మనిషి. స్టాటిస్టిక్స్ చదువుకుని, బంగారం కోసం కొండల్లో బోర్లు వేసే క్యాంపులో దస్తగిరి సారు దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. బోరులోంచి తీసిన రాళ్లను సంచుల్లో కట్టి, నంబర్లు వేసి ల్యాబుకి పంపుతారు. ల్యాబు ఇచ్చిన అంకెలను బట్టి తర్వాతి బోరు ఎక్కడ వేయాలో హైమ తేలుస్తుంది. ఇంకొక్క బోరుకే అనుమతి మిగిలింది. అదీ వట్టిదైతే క్యాంపు ఎత్తేయడమే, నలభై మంది ఇళ్లకు పోవడమే.

అలాంటి సమయంలో సారు షెడ్డు మూలన నిలబడి, తన గుడ్డసంచిలోంచి ఏదో రాయి తీసి ల్యాబు సంచిలో పడేసి, నలభై ఒకటో నంబరు వేసి గబగబా మూతి కట్టేయడం ఆమె కంటపడింది.

"అదేం రాయి సార్?"

"రిపోర్టు రానీ పాపా, అప్పుడడుగు."

ఆమెకు ఒళ్లు మండింది. రాళ్లలో దొంగచాటుగా బంగారం కలిపి కంపెనీలను ముంచేవాళ్ల సంగతి వినే ఉంది. ముప్పై ఏళ్లు మంచిపేరుతో బతికిన మనిషికి ఇదేం పోయేకాలం? ఆ రోజు నుంచి ఆయన చేతుల మీద ఓ కన్నేసి ఉంచింది. ఆయన టీ ఇచ్చినా తాగబుద్ధి కాలేదు.

పదిరోజులకు రిపోర్టు వచ్చింది. పడమటి బోరులో ఆఖరిదైన నలభయ్యో సంచిలో బంగారం దండిగా ఉంది. నలభై ఒకటిలోనూ ఉంది! ఆ తర్వాతవన్నీ తూర్పు బోరు సంచులు. వాటిలోనూ బంగారం ఉంది, కాకపోతే కొద్దికొద్దిగా తగ్గుతూ పోయింది. బంగారం తూర్పుకు పాకిందని, ఆఖరి బోరు అటే వేయాలని హైమ లెక్క తేల్చింది. బోరు వేసే రిగ్గును అటు తోలమని చెప్పి, కాగితం పట్టుకుని సారు ముందు నిలబడింది.

"మీరు కలిపిన సంచి ఇదే. కళ్లారా చూశాను. దాన్ని కొట్టేసి, మిగతావాటితోనే లెక్క కట్టాను."

దస్తగిరి సారు కోప్పడలేదు. గుడ్డసంచిలో చెయ్యిపెట్టి, ఆ రాయిలో మిగిలిన ముక్కను ఆమె అరచేతిలో పెట్టారు. ఒకవైపు నున్నగా అరిగి ఉంది.

"మా అమ్మ రుబ్బురోలు. పోయినేడు పగిలిపాయ. నలభై ఏండ్లు దాంట్లో పిండి రుబ్బినాం. బంగారం ఎన్నడూ రాలేదు పాపా. ల్యాబు ఏమంటాదో చూద్దామనే పంపినా."

"మరి ల్యాబులో ఎలా వచ్చింది సార్?"

"అన్నిటికీ ఒకటే మిల్లు. నంబర్ల వరసన పొడి కొడతారు."

నలభైని పొడి చేసిన మిల్లును తుడవకుండానే నలభై ఒకటిని వేశారు. మరి నలభై రెండు? నలభై మూడు? వాటిలో తగ్గుతూ పోయింది మిల్లులో మిగిలిన నలభయ్యో సంచి పొడే!

"నన్ను అనుమానించినావు, మంచిదే," అన్నారు సారు. "ఒక్క సంచిని కొట్టేసినావు. తక్కినవాటిని ఎట్ల నమ్మినావు?"

బయట రిగ్గు లారీ అప్పుడే తూర్పు దారి పట్టింది. హైమ చెప్పులైనా వేసుకోకుండా, చేతులూపుతూ దాని వెనక పరుగెత్తింది.