సత్రం దుప్పట్లు

రాజుగారి వృద్ధుల సత్రంలో దుప్పట్లు ఏడాదికి ఒక్కరోజే కనిపించేవి, రాజుగారు చూడ్డానికొచ్చే రోజు. ఆయన పల్లకీ మలుపు తిరగ్గానే అధికారి రంగరాయుడు వాటిని భటులతో లాగించి కోటకి పట్టుకుపోయేవాడు. పోయిన చలికాలం ఏడుగురు పోయారు. ముసలివాళ్ళకి స్నానాలు చేయించే గవరమ్మ ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, "సత్రానికి కొనడానికి ఖజానాలో డబ్బు లేదు" అనేవాడు.

ఈసారి పల్లకీ వెళ్ళాక రంగరాయుడు భటులతో వచ్చేసరికి, ముసలివాళ్ళంతా ముఖాల మీదికి దుప్పట్లు కప్పుకుని కదలకుండా పడుకున్నారు. కాలి బొటనవేళ్ళు కలిపి కట్టి ఉన్నాయి. తలల దగ్గర దీపాలు. ఓ దీపం పక్కన గవరమ్మ కూర్చుని ఉంది.

"ఏమైందే?"

"పోయారు బాబూ."

"అందరూనా?"

"ఎలాగూ ఈ చలికి పోయేవాళ్ళే కదా, ఒకేసారి పోయారు. శవాల మీది గుడ్డలు రాజుగారి కోటలో పెట్టుకుంటామంటే తీసుకెళ్ళండి."

అప్పటికే దుప్పట్ల మీద చెయ్యేసిన భటులు, మైలపడ్డామంటూ స్నానానికి ఏటికి పరిగెత్తారు. ఇంక వాటిని ముట్టేవాడు లేడు. అంతలో ఓ మూల నుంచి దగ్గు వినిపించింది.

"వీళ్ళు బతికే ఉన్నారే!" అని అరిచాడు రంగరాయుడు.

గవరమ్మ దీపం వత్తి ఎగదోసింది.

"పోయినేడు మీరు దుప్పట్లు లాగినప్పుడు ఆ ఏడుగురూ ఇలాగే దగ్గారు బాబూ. అప్పుడు బతికున్నారని మీకు తోచలేదు."