చింతగింజల తాళం

చెప్పండి, ఏం చూశారు మీరు? రాజుగారి ఊరేగింపు చూశామంటారు, పట్టుగొడుగు చూశామంటారు. ఆ గొడుగు వెనక ఎన్ని పాడెలు లేచాయో చూశారా? చూడకపోతే వినండి.

ఒకానొక రాజ్యంలో విజయార్జునుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముప్పైరెండు బిరుదులు, అన్నీ ఎనిమిదేసి అక్షరాలవి. రోజూ పొద్దున్నే కోటగుమ్మం దగ్గర వందిమాగధులు వాటిని ఎలుగెత్తి చదివేవారు. రోజుకొక బిరుదుతో మొదలుపెట్టాలి, వరస తప్పకూడదు. అది అక్కడి ఆచారం.

సరిహద్దు కోటకు పంపే రహస్య లేఖలకు తాళం కూడా ఆ రోజు బిరుదే. లేఖను ఎనిమిదేసి అక్షరాల ముక్కలుగా విడగొట్టి, బిరుదులోని అక్షరాలు వర్ణమాలలో వచ్చే క్రమాన్ని బట్టి ప్రతి ముక్కనూ తారుమారు చేసేవారు. ఇక దాన్ని దేవుడు కూడా చదవలేడని రాజుగారి ధీమా.

దారిలో లేఖ చిక్కితే శత్రువు చదివేశాడు. సరిహద్దులోని నల్లకొండ కోటకు సాయం ఏ కనుమలో వస్తుందో తెలుసుకుని కాపు కాశాడు. రెండువందల మంది తిరిగి రాలేదు. కోటా పోయింది, ఆ కోట సేనాని దళవాయీ పోయాడు. ఆస్థాన లేఖకుడు పోలన తమ్ముడు ఎర్రప కూడా ఆ కనుమలోనే పడ్డాడు.

తమ్ముడికి పిండం పెట్టకముందే పోలనకు సంకెళ్లు పడ్డాయి.

"తాళం తెలిసింది ముగ్గురికి," అన్నాడు రాజు నిండు సభలో. "దళవాయి చచ్చాడు. నేను రాజును. ఇక మిగిలింది నువ్వు."

చావంటే పోలనకు భయం లేకపోయింది. తమ్ముణ్ణి అమ్ముకున్నాడన్న మాట మిగిలిపోతుందే, అదే భయం.

"ప్రభూ, ఇవాళ్టి నుంచి పదో రోజున వాడే తాళంతో మీరే ఒక లేఖ రాయండి. గుమ్మం దగ్గర చల్ల అమ్మే లింగమ్మవ్వను పిలిపించండి. ఆ తాళమేదో ఆమె చెప్పలేకపోతే నా తల తీయండి."

"అక్షరమ్ముక్క రాని మనిషా?" అని రాజు మీసం దువ్వి, లేఖ రాసి పడేశాడు.

లింగమ్మ చల్లకుండతోనే వచ్చింది.

"అవ్వా, పదో రోజు పొద్దున వందిమాగధులు ఏ మాటతో మొదలుపెడతారు?" అని అడిగాడు పోలన.

ఆమె వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. "ఇయ్యాల శత్రుగజకంఠీరవ అన్నారు గదా నాయనా. పదోనాటికి రణరంగభయంకర. ఇరవయ్యేళ్లుగా ఇంటున్నా. నా గేదెనడిగినా చెబుద్ది."

పోలన ఆ మాటతో అక్షరాలు సర్ది, పైకి చదివాడు. "పోలనను రేపు పొద్దున కొరత వేయించండి."

కొరతంటే తెలుసుగా, శూలానికి గుచ్చి చంపడం.

"దొంగ దొరికాడు ప్రభూ. కొరత నాకు వేయిస్తారా, మీ బిరుదుకు వేయిస్తారా?"

రాజు గొంతు తగ్గించాడు. "మరి తాళం ఎలా చేయాలంటావు?"

"ఎనిమిది చింతగింజల మీద అంకెలు గీయించండి. కుండలో వేసి గిలకరించి, చూడకుండా ఒక్కొక్కటే తీయించండి. వచ్చిన వరసే తాళం. ఏ రోజుది ఆ రోజుకు విడిగా తీయాలి. నెలకు సరిపడా తీసి కొత్త దళవాయి చేతికి రహస్యంగా ముందే ఇవ్వండి. నిన్నటిది శత్రువుకు చిక్కినా, దాన్నిబట్టి రేపటిది తెలియదు."

"చింతగింజల్లో నా ఘనత ఎక్కడుందయ్యా?"

"లేదు ప్రభూ. అందుకే శత్రువుకు దొరకదు."

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన నవ్వాడు గనుక సభ అంతా నవ్వింది. సంకెళ్లు తీయించి, తన మెడలోని ముత్యాలహారం పోలన మెడలో వేశాడు. రెండువందల మంది కూలిపోతే గానీ గుప్పెడు చింతగింజల విలువ తెలియని నవ్వు అది.

పోలన గుమ్మం దాటాడు. బయట నల్లకొండకు వెళ్లి తిరిగిరాని సైనికుల భార్యలు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఎర్రప భార్య చెన్నమ్మ. ఆమె చూపు హారం మీద పడింది.

"లోపల నవ్వులు వినపడ్డాయి. ఎందుకు నవ్వారు బావగారూ?"

పోలన హారాన్ని ఉత్తరీయం కింద దాచబోయాడు. ఆయన స్థానంలో మీరుంటే ఆమెకేమని చెబుతారు?