నక్క చేసిన మెయిల్ పరీక్ష

మధ్యాహ్నం మూడు గంటలు. పొద్దుటినుంచీ ముసురు. గోదావరి మధ్య లంకలో, రెల్లుపొద కింద కౌజుపిట్ట సూరమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా ల్యాప్‌టాప్ ముందేసుకుని నక్క గవర్రాజు.

సూరమ్మకు సొంత పేరుతో ఒక వెబ్‌సైటు ఉంది. గింజలెక్కడ దొరుకుతాయో అందులో లంకవాళ్ళకు చెబుతుంది. అదే పేరుతో మెయిలూ ఉంది. ఆమె ప్రాణమంతా ఆ మెయిల్లోనే. ఎగువన ఆనకట్ట మీదుండే కొంగ పోలయ్య, గేట్లెత్తినప్పుడల్లా దానికే రాస్తాడు. "అందింది" అని జవాబిచ్చి, ఇసుకతిన్నె మీద ఆడుకునే ఐదుగురు పిల్లల్నీ ఆమె మెరకకు తోలుకొస్తుంది.

సైటును ఉంచిన పాత హోస్టింగులో అది నత్తనడక నడుస్తోందని, తన సర్వర్లోకి మార్చమని వారం రోజులుగా నక్క ఒకటే పోరు. ఇవాళ సరేనంది.

"అయిపోయిందక్కా. చూడు, సైటు ఎలా పరిగెడుతోందో!"

"మెయిలో, తమ్ముడూ?"

"అదీ వచ్చేసింది." నక్క తన సర్వర్లోంచే ఆమెకు ఒక మెయిల్ కొట్టాడు. టింగుమంది. "విన్నావా? ఇంకా అనుమానమేనా?"

"పాతది రెండు రోజులు ఉంచితే?"

"ఖాళీ చేసిన కొంపకి కాపలానా? ఇందాకే మూసేశాను. అవతల తమ సైట్లూ మార్చమని పది కుటుంబాలు నాకోసం కాచుక్కూచున్నాయి."

నాలుగింటికి పోలయ్య తడిసి ముద్దై వచ్చి వాలాడు.

"సూరమ్మా! మూడుసార్లు రాశాను. అందిందనవేం? గేట్లెత్తేశారు!"

సూరమ్మ ఎగిరివెళ్ళి చూసింది. తిన్నె మునిగిపోయింది. ఓ దుంగ మీద పిల్లలు. ఆమెకు రెక్కలున్నాయి గానీ, పిల్లల్ని మోసే బలం లేదు.

తాబేలు ఎర్రమ్మ అప్పటికే నీళ్ళలోకి దిగింది. "నువ్వు గట్టునుండు పిల్లా! నిన్ను చూస్తే దూకేస్తారు."

పోలయ్య ఎర్రమ్మ వెంట వెళ్ళాడు. సూరమ్మ గట్టు మీదికొచ్చి నిలబడింది. కుందేలుతో సహా పది కుటుంబాలూ అక్కడే ఉన్నాయి.

"కొంగ కునికిపాట్లు పడుంటాడు," అన్నాడు నక్క. "మెయిల్ బాగానే ఉంది."

సూరమ్మ గిర్రున తిరిగింది.

"ఒరేయ్ గవర్రాజూ. నీ మెయిలూ ఇలాగే మార్చుకున్నావా?"

"పొద్దున్నే. సరిగ్గా ఇలాగే."

"కుందేలు బావా, నీ ఫోన్లోంచి వీడికి రాయి. మా పది సైట్లూ నీకేనని రాయి. అందితే వీడివే. అందకపోతే ఎవరూ ఇవ్వరు."

నక్క పళ్ళన్నీ బయటపెట్టాడు. కుందేలు పంపాడు. నక్క తెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ పంపాడు. ఏమీ లేదు. నక్క మీటలు టకటకలాడించాడు.

"నేను పంపితే వచ్చిందిగా!"

"నీ గదిలో నిలబడి కేకేశావు, నీకే వినబడింది. బయటివాళ్ళ ఉత్తరాలు ఇంకా పాత గుమ్మానికే పోతున్నాయి. కొత్త గుమ్మం ఎక్కడుందో ఉత్తరాలకు దారి చూపేవాళ్ళకి చెప్పలేదు నువ్వు. చెప్పకుండా పాతది మూసేశావు. నా పిల్లలు నీళ్ళలో ఉన్నార్రా!"

నక్క ల్యాప్‌టాప్ మూసేశాడు.

"పదండి, పదండి," అన్నాడు కుందేలు. పది కుటుంబాలూ ఫోన్లు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాయి. నక్క తోక ముడిచి, తడుస్తూ, పొదలోకి నడిచాడు.

ఇల్లు మారేవాళ్ళు పాత తలుపు మూసేముందు, బయటివాళ్ళచేత కొత్త తలుపు తట్టించి చూసుకోవాలి.

ఎర్రమ్మ గట్టెక్కింది. వీపు మీద పిల్లలు.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

సూరమ్మ మెడ సాచి నీళ్ళకేసి చూసింది. వెనకే వచ్చిన పోలయ్య మెల్లగా ముక్కు తెరిచి, ఐదోదాన్ని ఆమె కాళ్ళ దగ్గర దించాడు.

ఐదు.

మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.