గవరమ్మ మూటలో వాడిన నక్క

ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఇప్పుడే ఊడి ఒళ్లో పడాలి. పడలేదుగా? అయితే విను.

ఏటికి ఇవతల రాళ్లడవి. అక్కడ ఎంత కరువంటే, ఎక్కడైనా గడ్డిపరక మొలిస్తే చూడ్డానికి నాలుగు కొండల అవతలి నుంచి జంతువులు పిల్లాజెల్లాతో వచ్చేవి. ఏటికి అవతల పచ్చలంక. ఆ దేశంలో పచ్చికలో ఏనుగు నడిస్తే తొండం కొస ఒక్కటే పైకి కనబడేది.

అక్కడ స్థిరంగా ఉండిపోవాలంటే అర్జీ పెట్టుకోవాలి. గవరమ్మ అనే మేక పెట్టుకుంది. చూసి చూసి గడ్డం నేలకు తగిలాక, తాటాకు మీద అనుమతి వచ్చింది: "పున్నమిలోగా రేవు దిగవలెను. తెచ్చుకునే ప్రతి వస్తువూ జాబితాలో ఉండవలెను. దాచి తెచ్చినచో నివాసం రద్దు."

గవరమ్మ ఆ తాటాకును వీపు మీద కట్టించుకుంది. నోటికి అందేచోట ఉంటే ఏమవుతుందో ఆవిడకు తెలుసు మరి! రాతి ఉప్పు, మెడగంట, దారిలో నమలడానికి ఎండుటాకులు పోగేసుకుంది. ఒక్కటే చిక్కు. గిట్టలతో ముడి పడదు.

సరిగ్గా అప్పుడు జంబయ్య అనే నక్క వచ్చింది. లంకలో బాతుల్ని మింగినందుకు దాన్ని అక్కడి నుంచి ముప్పైసార్లు తరిమేశారు.

"గవరక్కా! దేశం కాని దేశం పోతున్నావు, సర్దుకోవడం తెలుసా? నలభై కుటుంబాల్ని దాటించిన చెయ్యి ఇది."

"వాళ్లంతా బాగున్నారా జంబయ్యా?"

"ఒక్కరూ తిరిగి రాలేదంటే చూసుకో!"

"అదే నేనూ చూసుకుంటున్నా" అంది గవరమ్మ.

"మూట నేనే కడతా. జాబితా నేనే రాస్తా. రేవులో ఏమడిగినా 'ఎండుటాకులు బాబూ' అను. దాటేదాకా ముడి మాత్రం విప్పకు, అరిష్టం."

"ఇంత చేస్తే నీకేం ఒరుగుతుంది?"

"నీ సుఖమే నా సుఖం అక్కా" అని నక్క కళ్లు ఒత్తుకుంది. ఆ రాత్రే జాబితా రాసింది, మూటా కట్టింది.

మర్నాడే పున్నమి. పొద్దున్నే గవరమ్మ మూట ఎత్తబోతే కొమ్ములు వంగిపోయాయి. వాసన చూసింది. బాతు ఈకల కంపు! పొద వెనక చూస్తే తన ఎండుటాకులన్నీ కుప్పగా పారేసి ఉన్నాయి. మూటేమో ఊపిరి తీస్తోంది. జంబయ్య లోపల దూరి, మూట మూతిని పళ్లతో బిగించుకుని కూర్చుంది.

'ఇక్కడే విప్పితే పారిపోతుంది. రేపు ఇంకెవరి మూటలోనో దూరుతుంది. విప్పకుండా దాస్తే నా బతుకు పోతుంది' అనుకుంది గవరమ్మ. పారేసిన ఆకుల్ని ఒక్కటీ మిగల్చకుండా తినేసింది. జాబితాలో ఎండుటాకుల్ని కొట్టేసి, కొమ్ము కొసతో ఇంకో మాట గీకింది. మూటను తెప్ప మీదకు దొర్లించింది.

లంక రేవులో కొంగ దొరగారు ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. చెరో పక్కా నీటికుక్కలు కాపలా.

"ఎందుకొచ్చావు?"

"ఉండిపోవడానికండి" అంది గవరమ్మ, తల ఎత్తి.

"మూట నువ్వే కట్టావా?"

"లేదండి. కానీ లోపలేముందో తెలుసండి."

"అయితే చదువు."

"రాతి ఉప్పు ఒకటి. మెడగంట ఒకటి. నక్క ఒకటి."

పుట్టిన దగ్గర్నుంచీ పైకెత్తి ఉంచిన రెండో కాలు కొంగ దొరగారు ఠక్కున కింద పెట్టేశారు. "నక్కా?"

"కొత్తది కాదండి, వాడిన నక్క. అమ్మకానికి తేలేదు."

"దేనికి వాడతావు?"

"ఇంతవరకూ దేనికీ పనికి రాలేదండి."

మూట గజగజ వణికింది. లోపల్నుంచి ఒకటే కేక: "నేను నక్కను కాను బాబూ! ఎండుటాకును!"

కొంగ దొరగారు గొంతు సవరించుకున్నారు. "పొరుగుదేశపు ఎండుటాకా? పురుగుంటుంది. మూడు రోజులు ఏట్లో నానబెట్టండి."

నీటికుక్కలు మూటను చెరో కొసా పట్టి గుభీమని ఏట్లో వేశాయి. మూడు రోజులెక్కడ, మూడు మునకలకే ముడి ఊడింది. నక్క ఎంత వేగంగా ఈదిందంటే, ఆ ఊపుకు ఏరు ఒక పూటంతా వెనక్కి పారింది. ఇవతల ఒడ్డున తడిసిన తోకను భుజాన వేసుకుని పోతుంటే, అడవంతా నిలబడి చూసింది. నీటికుక్కలు ఏట్లో దిగి ఉప్పునూ గంటనూ వెతికి తెచ్చి ఇచ్చాయి. కొంగ దొరగారు తాటాకు మీద తన కాలిగుర్తు వేసి, "నడు గవరమ్మా, ఇక ఇది నీ దేశం" అన్నారు.

నీతి ఒక్కటే: కొత్త దేశంలో కాలు పెట్టేటప్పుడు మూట ఎవరు కట్టినా సరే, లోపలేముందో మన నోటితో మనమే చెప్పాలి.

విన్నావుగా, ఇక లే. సుందరమ్మత్త మన జల్లెడ పట్టుకుపోయి నూరేళ్లయింది. వెళ్లి పట్టుకురా. "రేపిస్తా" అంటే, ఇచ్చేదాకా ఆవిడ గుమ్మంలోనే కూర్చో.